పాప చేతి మీద గడ్డ: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు పరుగెత్తాలి?

పసిపిల్లల చేతుల మీద లేచే గడ్డల్లో చాలావాటికి మందే అక్కర్లేదు. కొన్నిటికి మాత్రం గంటలే గడువు. ఆ తేడా పట్టుకోవడం తల్లిదండ్రులకు అసాధ్యమేమీ కాదు.

ఈ దేశంలో ఆస్పత్రిలో పుట్టే దాదాపు ప్రతి బిడ్డ చేతి మీదా ఒక గడ్డ లేస్తుంది. అది లేవాలనే డాక్టర్లూ కోరుకుంటారు. పుట్టగానే ఎడమ భుజానికి కాస్త కింద, చర్మం పొరలోకి ఇచ్చే బీసీజీ టీకా ప్రభావమది. నెల లోపు బిడ్డకు మోతాదు 0.05 మిల్లీలీటర్లు, అంటే ఒక చుక్కంత. రెండు మూడు వారాల పాటు ఏమీ కనిపించదు. టీకా సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయాక చిన్న ఎర్రటి బుడిపె పైకొస్తుంది. అయిదారు వారాలకు 4 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. చితుకుతుంది, కాస్త చీములాంటిది కారుతుంది, చెక్కు కడుతుంది. రెండు మూడు నెలలకు చిన్న మచ్చ మిగిల్చి మానిపోతుంది.

ఈ నాలుగు ముక్కలూ టీకా వేసిన రోజే తల్లికి చెబితే సరిపోయేది. చాలాచోట్ల ఎవరూ చెప్పరు. దాంతో గడ్డ చితికిన రోజు ఇంట్లో కంగారు మొదలవుతుంది. ఒకరు పసుపు, సున్నం పట్టు వేయమంటారు. ఒకరు ఆకు పసరు తెస్తారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ సిరప్ రాస్తాడు. నెల తిరిగేసరికి పుండు మానుతుంది. ఏమీ చేయకపోయినా అది మానేదే. కానీ పేరు మాత్రం పసుపుకో, పసరుకో, సిరప్‌కో వస్తుంది. రేపు మరో బిడ్డ చేతి మీద నిజంగా ప్రమాదకరమైన వాపు వచ్చినప్పుడు, అదే పసరు ధైర్యంగా ముందుకొస్తుంది. హానిలేని గడ్డ తెచ్చిపెట్టిన ఆ నమ్మకమే అసలు సమస్య.

అందుకే గడ్డ కనిపించగానే అదేమిటో పేరు పెట్టే ప్రయత్నం ఇంట్లో చేయనక్కర్లేదు. దాని నడత చూస్తే చాలు. పెరుగుతోందా? ఎర్రగా, వేడిగా ఉందా? ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తోందా? ఆ చేతిని మామూలుగా ఆడిస్తోందా? పాలు తాగడం, నిద్ర ఎప్పటిలాగే ఉన్నాయా? ఈ అయిదు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం డాక్టర్‌ది.

కంగారు పడనక్కర్లేనివి

బీసీజీ బుడిపెకు మందు రాయకూడదు, పిండకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. స్నానం మామూలుగా చేయించవచ్చు. మచ్చ పడకపోయినా టీకా మళ్లీ వేయించనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టం చేసింది. కొందరు పిల్లలకు టీకా వేసిన కొన్ని నెలల్లోపు ఎడమ చంకలో బిళ్ల కడుతుంది. అది చిన్నదిగా, నొప్పి లేకుండా, చర్మం కింద కదులుతూ ఉంటే దానంతటదే తగ్గుతుంది. పెరిగి మెత్తబడి, పైచర్మం ఎర్రబడితే మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించాలి. అవసరమైతే సూదితో చీము లాగుతారు. బ్లేడుతో కోయిస్తే నెలల తరబడి ఎడతెగక కారే పుండు మిగిలే ప్రమాదం ఉంది. బిడ్డ బరువు పెరగకపోయినా, తరచూ ఇన్ఫెక్షన్లు వస్తున్నా, అంతకుముందు పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయి ఉన్నా ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. రోగనిరోధక శక్తి పుట్టుకతోనే లోపించిన పిల్లల్లో బీసీజీ క్రిమే శరీరమంతా పాకే అవకాశం ఉంది.

పుట్టిన కొత్తలో ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకున్న బిడ్డకు ముంజేతి మీదో, మణికట్టు దగ్గరో గట్టి బిళ్లలా మిగలడం మరో మామూలు సంగతి. నరం నుంచి మందు కాస్త బయటకు చిమ్మితే ఇలా అవుతుంది. సాధారణంగా కొన్ని వారాల్లో కరిగిపోతుంది. ఎర్రబడినా, చీము పట్టినా చూపించాలి.

మణికట్టు మీద, వేలి మొదట్లో బఠాణీ గింజంత గుండ్రటి, నున్నటి గడ్డ కనిపిస్తే అది గాంగ్లియాన్ కావచ్చు. లోపల జిగురు ద్రవం ఉంటుంది. నొప్పి ఉండదు. పిల్లల్లో చాలావరకు ఏ చికిత్సా లేకుండానే పోతుంది. ఒకసారి డాక్టర్ చేత ఖాయం చేయించుకుని, ఆ తర్వాత గమనిస్తే చాలు.

తీరిగ్గానైనా తప్పక చూపించాల్సినవి

లాలపోసేటప్పుడు కాళ్ల మీద వేసుకున్న బిడ్డ బొటనవేలు పూర్తిగా చాపలేకపోతోందని అమ్మమ్మే మొదట కనిపెడుతుంది. అరచేతి వైపు, బొటనవేలి మొదట్లో చిన్న గట్టి కాయ తగులుతుంది. దీన్ని ట్రిగ్గర్ థంబ్ అంటారు. వేలిని మడిచే నరం ఒకచోట లావెక్కి, అది జారాల్సిన సన్నటి గొట్టంలో ఇరుక్కుంటుంది. సాధారణంగా ఏడాది, రెండేళ్ల వయసులో బయటపడుతుంది. ఎక్కడో పడి బెణికిందనుకుని మర్దన చేయించడం, గుంజి చాపడం, కట్టు కట్టించడం జరుగుతుంటుంది. అది ఎముక విరిగిన సమస్య కానే కాదు. దక్షిణ కొరియా డాక్టర్లు 2008లో ప్రచురించిన అధ్యయనంలో చికిత్స చేయకుండా గమనించిన 71 బొటనవేళ్లలో 45 వాటంతటవే సరయ్యాయి. కాకపోతే అందుకు ఏళ్లు పట్టింది. సరికాని వాటికి చిన్న ఆపరేషన్ చాలు. తొందర లేదు గానీ చూపించకుండా వదిలేయడమూ తగదు.

చిటికెనవేలి పక్కన సన్నటి తొడిమెకు వేలాడే కండ ముక్క ఆరో వేలి రూపాల్లో ఒకటి. ఆరో వేలు అదృష్టమని నమ్మేవాళ్లున్నారు. హిందీ నటుడు హృతిక్ రోషన్ కుడిచేతికి రెండు బొటనవేళ్లున్న సంగతి తెలిసిందే. అది ఉండటం వల్ల ప్రమాదం లేదు. దాన్ని దారంతోనో, గుర్రపు వెంట్రుకతోనో బిగించి కట్టి రాలగొట్టడమే ప్రమాదం. రక్తం కారవచ్చు, చీము పట్టవచ్చు. మొదలు మిగిలిపోయి, అందులో నరం చివర ముడిపడి, పెద్దయ్యాక కూడా ముట్టుకుంటే ఝల్లుమనే బుడిపెగా మారవచ్చు. లోపల ఎముక ఉందో లేదో ఎక్స్‌రే తీసి చూశాక సర్జన్ నిర్ణయించాల్సిన విషయమిది.

పుట్టినప్పుడు లేకుండా, మొదటి కొన్ని వారాల్లో ఎర్రటి మచ్చలా మొదలై రోజురోజుకీ ఉబ్బే గడ్డ హీమాంజియోమా కావచ్చు. ఇది రక్తనాళాల గుత్తి. మొదటి మూడు నాలుగు నెలల్లో వేగంగా పెరిగి, ఆ తర్వాత ఏళ్ల తరబడి నెమ్మదిగా కుంచించుకుపోతుంది. చిన్నదైతే వదిలేయొచ్చు. కానీ వేళ్ల కదలికకు అడ్డొచ్చే చోట ఉన్నా, పుండు పడుతున్నా ఆలస్యం చేయకూడదు. గుండెజబ్బులకు వాడే ప్రొప్రనొలాల్ అనే పాత మందు వీటిని కరిగిస్తుందని ఫ్రాన్స్‌లోని బోర్డో నగర వైద్యులు 2008లో వెల్లడించారు. గుండె సమస్యకు ఆ మందిచ్చిన బిడ్డకు గడ్డ కూడా తగ్గడంతో ఈ సంగతి యాదృచ్ఛికంగా బయటపడింది. ఆ మందు బాగా పనిచేసేది గడ్డ పెరిగే దశలోనే. అందుకే బిడ్డకు నెల నిండేసరికి చూపించడం మేలు. రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్ పర్యవేక్షణ లేకుండా దీన్ని వాడకూడదు.

రెండు మణికట్లూ వెడల్పుగా, గుబ్బల్లా కనిపిస్తుంటే అది గడ్డ కాదు, ఎముక. విటమిన్ డి లోపంతో వచ్చే రికెట్స్‌లో ఇలా అవుతుంది. ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. నడక ఆలస్యం కావడం, కాళ్లు వంకరపోవడం తోడవుతాయి. తల్లిపాలలో అన్నీ ఉన్నా విటమిన్ డి తక్కువే. అందుకే మొదటి ఏడాదంతా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయాలని పిల్లల వైద్యులు సూచిస్తారు. సీసాల్లో గాఢత వేర్వేరుగా ఉంటుంది కాబట్టి ఎన్ని చుక్కలో అడిగి తెలుసుకోవాలి.

అరచేతుల్లో చిన్న చిన్న పొక్కులు, గట్టి కురుపులు వచ్చి బిడ్డ రాత్రిళ్లు నిద్రపోకుండా చిరాకు పడుతుంటే గజ్జిని అనుమానించాలి. పెద్దవాళ్లకు అరచేతుల్లో అరుదు కావడంతో పసిపిల్లల్లో దీన్ని గుర్తుపట్టరు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అన్నదే అసలు ఆచూకీ. ఒకేసారి ఇంటిల్లిపాదికీ వైద్యం చేయకపోతే తిరగబెడుతుంది. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే, స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు జబ్బును కప్పిపెడతాయే తప్ప తగ్గించవు. పొక్కులతో పాటు జ్వరం, నోట్లో పుళ్లు కూడా ఉంటే అది హ్యాండ్ ఫుట్ మౌత్ వ్యాధి. 2022లో కేరళలోని కొల్లంలో మొదలై ‘టమాటా ఫ్లూ’ పేరుతో పత్రికలకెక్కినది దీని రూపమే. చాలామందికి వారం, పది రోజుల్లో తగ్గుతుంది. నోటి పుళ్లతో పాలు, నీళ్లు మానేసిన బిడ్డను మాత్రం వెంటనే చూపించాలి.

రెండు చేతులూ ఉబ్బితే

ఆరు నెలలు దాటిన బిడ్డకు ఉన్నట్టుండి చేతుల వెనుక భాగాలు, వేళ్లు, కొన్నిసార్లు పాదాలు కూడా ఉబ్బి, ముట్టుకుంటే గుక్కపెట్టి ఏడుస్తుంటే అది సికిల్ సెల్ జబ్బు తొలి సంకేతం కావచ్చు. కొడవలి ఆకారంలోకి మారిన ఎర్ర రక్తకణాలు చిన్న ఎముకలకు రక్తం అందకుండా అడ్డుపడటం వల్ల వచ్చే వాపు ఇది. గర్భంలో ఉన్నప్పటి హీమోగ్లోబిన్ మొదటి నెలల్లో బిడ్డను కాపాడుతుంది. అది తగ్గాక జబ్బు బయటపడుతుంది. మన దేశంలో ఈ జబ్బును తొలిసారి 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. గుజరాత్ నుంచి ఒడిశా దాకా సాగే గిరిజన ప్రాంతాలు, తెలుగు నేల మీద అరకు, పాడేరు, ఉట్నూరు ఏజెన్సీలు దీనికి కొత్త కావు.

ఈ వాపు నాలుగైదు రోజుల నుంచి రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. చిక్కంతా అక్కడే. పసరు పనిచేసిందనుకుని ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. లోపల జబ్బు అలాగే ఉంటుంది. సికిల్ సెల్ ఉన్న పసిబిడ్డకు మామూలు జ్వరం కూడా ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్‌గా మారగలదు. ముందే తెలిస్తే పెన్సిలిన్, అదనపు టీకాలు, హైడ్రాక్సీయూరియా మందుతో కాపాడుకోవచ్చు. రక్తపరీక్ష ఒక్కటి చేయిస్తే తేలిపోయే విషయం. జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌ను 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. 2047 నాటికి జబ్బును నిర్మూలించాలన్నది ఆశయం.

అదే షహడోల్ జిల్లా అంతకు కొద్ది నెలల ముందు, 2023 ఫిబ్రవరిలో, మరో కారణంతో వార్తలకెక్కింది. న్యుమోనియాతో బాధపడుతున్న మూడు నెలల పసిపాపకు కాల్చిన ఇనుప చువ్వతో వాతలు పెట్టారు. ఆ పాప బతకలేదు. వాతలు పెట్టే అలవాటు ఒక్క మధ్యప్రదేశ్‌దే కాదు. మన పల్లెల్లోనూ వాపుకి, కడుపునొప్పికి, ఫిట్స్‌కి కాల్చేవాళ్లు ఉన్నారు. అసలే బాధలో ఉన్న బిడ్డకు ఇది గోరుచుట్టుపై రోకటిపోటు.

ఒక్క వేలే నెమ్మదిగా, పెద్దగా నొప్పి లేకుండా, మధ్యలో లావుగా రెండు చివర్లా సన్నగా ఉబ్బుతుంటే ఎముకకు సోకిన క్షయ కూడా ఆలోచించాల్సిన వాటిలో ఒకటి. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా, వారాల తరబడి దగ్గున్నా డాక్టర్ అడగకముందే చెప్పాలి.

గంటల్లో చేరాల్సినవి

బిడ్డ ఎందుకో తెలియకుండా ఏకధాటిగా ఏడుస్తోందా? బట్టలన్నీ విప్పి కాళ్లు, చేతుల వేళ్లు ఒక్కొక్కటిగా చూడండి. కాన్పయిన కొన్ని నెలలకు తల్లికి జుట్టు బాగా రాలుతుంది. ఆ వెంట్రుక ఒక్కటి పసివేలికి చుట్టుకుని బిగిస్తే వేలు ఉబ్బి, ఎర్రబడి, ఆపై నల్లబడుతుంది. చేతి తొడుగుల లోపలి దారాలు, దిష్టి కోసం మణికట్టుకు కట్టే నల్లదారం, పాతబడి బిగుతైన గాజు కూడా ఇదే పని చేయగలవు. దారం కనిపించి, తేలిగ్గా వస్తే తీసేయండి. వాపులో కూరుకుపోతే తవ్వకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. చేతి దారం ఏదైనా సరే, దాని కింద మీ చిటికెనవేలు దూరేంత వదులుగా ఉండాలి. అసలు లేకపోతే మరీ మంచిది.

మరికొన్ని సందర్భాల్లోనూ తెల్లారేదాకా ఆగకూడదు.

* గడ్డ చుట్టూ ఎరుపు, వేడి గంటగంటకీ పాకుతున్నప్పుడు.
* మూడు నెలల లోపు బిడ్డకు గడ్డతో పాటు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం ఉన్నప్పుడు. ఈ వయసులో జ్వరానికి ఇంటి వైద్యం లేదు.
* బిడ్డ ఆ చేతిని బొత్తిగా కదపకుండా పక్కన వేలాడేస్తున్నప్పుడు, ఎత్తుకోగానే కేకపెడుతున్నప్పుడు. ఎముకకో, కీలుకో చీము పట్టి ఉండవచ్చు. నవజాత శిశువులకు ఇలాంటప్పుడు జ్వరం రాకపోవచ్చు కూడా.
* పాలు మానేసి, మగతగా పడి ఉన్నప్పుడు.
* వేలి చివర తెల్లబడినా, నీలంగా, చల్లగా మారినా.

గంటలు కాకపోయినా వారంలోపు చూపించాల్సినవి వేరే ఉన్నాయి. రాయిలా గట్టిగా, లోపలి కండకో ఎముకకో అతుక్కుని కదలకుండా ఉన్న గడ్డ, వారం వారం పెరుగుతున్న గడ్డ, ఒకసారి తీసేశాక మళ్లీ వచ్చిన గడ్డ ఈ కోవలోవి. ఈ వయసులో చేతికి కేన్సర్ రావడం చాలా అరుదు. ఆ అరుదైనది మన ఇంట్లో లేదని తేల్చాల్సింది మాత్రం పరీక్షే.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు

గడ్డ కనిపించిన తేదీ రాసి పెట్టుకోండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి. వారానికోసారి అదే బిళ్లతో, అదే కోణంలో తీస్తే పెరిగిందో లేదో డాక్టర్‌కు క్షణంలో తెలుస్తుంది. ఫొటో తీయగానే బిళ్ల దాచేయండి. బిడ్డ నోట్లోకి వెళ్తే అది మరో ప్రమాదం. టీకాల కార్డు, అప్పటిదాకా రాసిన మందులు, పూసిన పసర్లతో సహా దాచకుండా చెప్పండి.

డాక్టర్‌ను మూడు ప్రశ్నలు అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఇది చర్మంలోదా, నరానిదా, ఎముకదా, రక్తనాళానిదా? మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? ఏం కనిపిస్తే అంతకుముందే రావాలి? సాధారణంగా మొదట చేయించేది అల్ట్రాసౌండ్. దానికి రేడియేషన్ లేదు, మత్తు అక్కర్లేదు. ఎముక అనుమానమైతే ఎక్స్‌రే. ఎంఆర్ఐకి పసిపిల్లలను నిద్రపుచ్చాల్సి వస్తుంది కాబట్టి నిజంగా అవసరమైతేనే. చూసిన వెంటనే కోసేద్దామంటే, ఇప్పుడే ఎందుకని అడగండి. పిల్లల వేళ్ల మీద వచ్చే కొన్ని హానిలేని నార గడ్డలు కోసిన కొద్దీ మళ్లీ వస్తాయి. వదిలేస్తే కొన్నేళ్లకు కరిగిపోయేవీ వాటిలో ఉన్నాయి.

పెద్ద ఆస్పత్రి దూరమని ఆగిపోనక్కర్లేదు. ఆస్పత్రి కాన్పయితే ఆశా కార్యకర్త మొదటి ఆరు వారాల్లో ఆరుసార్లు, ఇంటి కాన్పయితే ఏడుసార్లు ఇంటికి రావాలన్నది నిబంధన. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే డాక్టర్ల బృందం పిల్లల్లో పుట్టుక లోపాలను, జబ్బులను గుర్తించి జిల్లా కేంద్రానికి పంపుతుంది. వాళ్లు వచ్చిన రోజున బిడ్డ చెయ్యి చాపి చూపించడం తల్లి హక్కు.

ఇంకొక్క మాట. చాలా ఇళ్లలో గడ్డను మొదట చూసేది తల్లి. ఏం చేయాలో తేల్చేది మాత్రం అత్తగారో, మామగారో, భర్తో. ‘మా పిల్లలకీ ఇలాగే వచ్చింది, అదే పోయింది’ అన్న మాటకు ఎదురుచెప్పలేక బాలింత ఊరుకుంటుంది. ఆ మాట పదింట తొమ్మిదిసార్లు నిజమే కావచ్చు. పదోసారి కూడా అలాగే ఊరుకుంటే నష్టపోయేది నోరు తెరిచి చెప్పలేని బిడ్డ. బిడ్డను రాత్రీ పగలూ ఎత్తుకునే మనిషి ‘ఇది నిన్నటిలా లేదు’ అంటే, ఇంట్లో మిగతావాళ్లు చేయాల్సింది ఆటో పిలవడం.